ముచ్చట్ల గంట

నా మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ జిల్లాలో, ఒక బొగ్గుబావి కాలనీలోని ప్రాథమిక పాఠశాలలో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. కరీంనగర్ నుంచి ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట పట్టుకుని బస్సు దిగాను. పిల్లలందరికీ చదువు చెప్పి ఉద్ధరించేద్దామన్న ఉత్సాహం మాత్రం ఆ బస్సు టాపు మీద కూడా పట్టనంత ఉండేది.

బడి అంటే రెండు గదుల రేకుల షెడ్డు, ముందు ఒక వరండా. గడియారం లేదు. గని సైరను కూయగానే పెద్దసారు వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఠంగుమని కొట్టేవారు. అదే మా గంట. ఆయన చదువంతా ఉర్దూలోనే సాగిందట. తెలుగు బడికి హెడ్మాస్టరైనా లెక్కలు మాత్రం ఉర్దూలోనే గొణుక్కునేవారు. చాలా మంచి మనిషి. గొడవంటే చాలు, ఎక్కడ దాక్కుందామా అని చూసేవారు. నా సంగతి దానికి పూర్తిగా తలకిందులు. కోపం నా ముక్కు మీదే ఉండేది.

ప్రార్థన, హాజరు, గోళ్ల తనిఖీ అయ్యాక పాఠం మొదలవ్వాలి. కానీ ఆ ఏడు మాకు వాచకాలు రాలేదు. వానలు వెనకపట్టినా రాలేదు. పైగా నా ఒకటో తరగతిలో ఒకరి నాన్నది పెద్దపల్లి వైపు, ఒకరిది ఒరిస్సా, ఇంకొకరిది మరాఠీ మాట్లాడే చాందా వైపు. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట. వీళ్లకు ముందు నోరు తిరగాలి, అక్షరాలు తర్వాత వస్తాయిలే అనుకున్నాను. రోజూ హాజరవగానే ఒక్కొక్కరూ లేచి, నిన్న ఇంట్లో ఏం జరిగిందో ఒక వార్త చెప్పాలని పెట్టాను. దానికి పిల్లలే ముచ్చట్ల గంట అని పేరు పెట్టుకున్నారు.

అబ్బ, ఏం ముచ్చట్లండీ అవి!

"మా మేక ఈనింది టీచరమ్మా. రెండు పిల్లలు. ఒకటి అచ్చం మా తాత తీర్గ ఉన్నది."

"మా చిన్నబాపు పిల్లను చూడవోయిండు. మా చిన్నబాపుకు పిల్ల నచ్చింది. పిల్లకు మా చిన్నబాపు నచ్చలే."

"మా బాపు నిన్న కడుపు నొస్తుందని డ్యూటీకి పోలే. మేమందరం సిన్మకు పోయినం. బాపు రెండుసార్లు మిర్చిబజ్జి తిన్నడు."

"పక్కింటోళ్ల కోడి మా ఇంట్ల గుడ్డు పెట్టింది. మా అమ్మ గంప కింద దాసింది. మేం తిన్నం."

నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకునేదాన్ని. పక్క గదిలోంచి పెద్దసారు మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయేవారు. అదీ వినడానికే. పేరుకు పాఠం, నిజానికి అందరికీ పండగ.

అందరికీ అంటే, ఒక్క పిల్లకు తప్ప. కిటికీ పక్క మూలలో, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చునేది. చాందా దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి గనిలో దిగేవాడు. బడిలో చేరిన మొదటి ఏడు నోరు తెరిస్తే మరాఠీ కలిసిందని పిల్లలు గొల్లున నవ్వారట. ఆ రోజు మూసిన నోరు మళ్లీ తెరవలేదు. హాజరుకు కూడా చెయ్యెత్తేదే కానీ పలికేది కాదు. ఒకటి నుంచి రెండులోకి పంపాలంటే నోటి పరీక్ష ఉండేది. రెండేళ్లూ ఆ పరీక్షలో కొయ్యబొమ్మలా నిలబడిందట. మళ్లీ ఒకటో తరగతే. వాళ్లమ్మకు విసుగొచ్చి పెద్దసారుతో తేల్చి చెప్పేసింది.

"దసరా దాక సూస్త సార్. గప్పటికి నోరు తెరిస్తె సరే. లేకుంటె మాన్పిస్త. ఇంట్లుంటె చిన్నదాన్నన్న ఎత్తుకుంటది."

అది విన్నప్పటి నుంచి నాకు అదొక్కటే ధ్యాస. బతిమాలాను, బెదిరించాను, బలపాలు ఇచ్చాను. బలపం తీసుకునేది. మాట మాత్రం ఇచ్చేది కాదు. ముచ్చట్ల గంటలో తన వంతు రాగానే లేచి నిలబడి, నా మొహంలోకి సూటిగా చూసి, కూర్చునేది. నాకు ఒళ్లు మండేది. ఆ తర్వాత జాలేసేది. మళ్లీ మండేది.

దసరా సెలవులకింకా రెండు వారాలు ఉందనగా ఒక పొద్దున, కాలనీ తల్లులు కొందరు కట్టగట్టుకుని బడి మీదికొచ్చారు. అందరికంటే ముందు గుడ్డు దాచినావిడ.

"ఓ పంతులమ్మా! పిల్లలకు చదువు చెప్పుమంటె ఇండ్లల్ల కూపీలు తీస్తున్నవా? గుడ్డు ముచ్చట నీళ్ల నల్లా కాడ ఎవలి నోట చూసినా గదే! పక్కింటామె నా మొఖం మీద నవ్వింది!"

"మా ఆయన సిన్మకు పోయిండని మేస్త్రీ దాక పోయింది," అంది ఇంకొకామె. "ఇగ ఆయనకు నిజంగ కడుపు నొచ్చినా ఎవలు నమ్ముతరు?"

పెద్దసారు హాజరు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మీకెవరు చెప్పారమ్మా ఇవన్నీ?" అని గట్టిగానే అడిగాను.

అందరూ వెనక్కి తిరిగారు. చంకలో పసిపిల్లతో, వరండా మెట్టు కింద ఒకావిడ నిలబడి ఉంది. ఆ మూల పిల్ల తల్లి.

"నాకేం ఎర్క. నా బిడ్డ చెప్పింది, నేను నల్లా కాడ అన్న," అంది మెల్లగా.

"మీ బిడ్డా? బడిలో నోరే విప్పదు కదా!"

"ఇంట్ల ఊకుంటదా పంతులమ్మా? బడి నుంచి రాంగనే మొదలువెడ్తది. ఎవలెట్ల మాట్లాడిన్రో గట్లనే చేసి చూపిస్తది. గా మేక ముచ్చట చెప్తె మా ఆయనకు నవ్వి నవ్వి బువ్వ పొలమారింది."

వాళ్లు నన్ను అంతలేసి మాటలంటుంటే నాకు గంతులేయాలనిపించింది. ఆ పిల్ల వింటోంది! ఒక్క మాట పొల్లుపోకుండా అన్నీ వింటోంది! నా మొహంలో సంతోషం చూసి తల్లులకు ఇంకా మండింది.

"అమ్మా, జర సబర్ చెయ్యున్రి," అన్నారు పెద్దసారు, పుస్తకం వెనక నుంచి బయటికొచ్చి. "శనివారం మీరే వచ్చి కూసోండ్రి. పంతులమ్మ ఏం చెప్తున్నదో, పిల్లలు ఏం నేర్సుకుంటున్నరో చూడున్రి. వద్దంటె ఆ గంట బంద్. పరేషాన్ కావద్దు."

వాళ్లు ఒప్పుకుని వెళ్లారు. వెళుతూ ఆ పిల్ల తల్లి పెద్దసారుతో అంది. "ఇంట్ల గింత మాట్లాడేది బడిల మాట్లాడదంటె, బడి దానికి పడ్తలేదన్నట్టే గద సార్. నేనన్నది అన్నదే."

శనివారం అందరికంటే ముందే బడికి చేరాను. చాపలు దులిపి పరిచాను. సైరను కూసే వేళకు తల్లులు వచ్చి వెనక గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. పెద్దసారు గుమ్మంలో నిలబడ్డారు, అవసరమైతే అట్నుంచి అటే వెళ్లిపోవడానికి వీలుగా.

హాజరు పిలిచాను. ముచ్చట్ల గంట మొదలుపెట్టాను. సినిమాకు వెళ్లిన పిల్లాడు లేచాడు.

"నిన్న మీ ఇంట్లో ఏమైంది నాన్నా?"

వాడు వెనక్కి తిరిగి వాళ్లమ్మను చూశాడు. "ఏం గాలే," అన్నాడు.

గుడ్డు పిల్ల లేచింది. "మా ఇంట్ల ఏం గాలే."

"ఏం గాలే."

"మా ఇంట్ల గుడ ఏం గాలే."

ఇంటి ముచ్చట చెప్పొద్దని అందరి చేతా రాత్రే గట్టి ఒట్లు వేయించారని తెలిసిపోతోంది. తరగతి జీవం లేకుండా సాగుతోంది. తల్లులు ఇబ్బందిగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి గుడ్డు దాచినావిడకే ఓపిక నశించింది. "ఏమన్న చెప్పవే! నోట్ల బెల్లం పెట్టుకున్నవా? అందరి ముంగట ఇజ్జత్ పోతున్నది!" అని కూతురి మీద అరిచింది. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది.

ఇక అయిపోయింది, ఈ గంట బంద్ అనుకున్నాను. ఏం చెయ్యాలో తోచక బోర్డు తుడవడానికి తిరిగాను.

"నేను చెప్త."

ఎవరిదో కొత్త గొంతు. తిరిగి చూస్తే మూల పిల్ల నిలబడి ఉంది. మొహం కందిపోయి ఉంది. పిల్లలంతా నోళ్లు తెరిచారు. వాళ్లమ్మ చంకలో పసిదాన్ని ఇటు నుంచి అటు మార్చుకుంది.

"ఇయ్యాల నేను జల్ది వచ్చిన," అంది. "గదిల టీచరమ్మ ఒక్కతే ఉండె. గోడతోని మాట్లాడుతుండె. గిట్ల."

లేని కొంగును నడుముకు దోపుకుంది. గడ్డం కాస్త పైకెత్తింది. నా గొంతుతో, నా కరీంనగర్ పట్నపు పంతులమ్మ మాటతో, గోడకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"'చూడండమ్మా, మీ కోళ్లూ మీ గుడ్లూ నేనేం చేసుకోను? ఆ మూల కూర్చునే పిల్ల ఒక్క మాట మాట్లాడితే నాకు చాలు. అది మాట్లాడే వరకన్నా ఈ గంట ఉండనివ్వండి. తర్వాత మీ ఇష్టం, నన్ను తిట్టుకున్నా సరే.'"

ఆ లేని కొంగు వదిలేసి మళ్లీ తనలా అయిపోయింది. "గట్ల అనుకుంట ఏడ్సింది. కొంగుతోని ముక్కు తుడుసుకున్నది," అని ముగించింది.

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెనక గోడ దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల్లి పసిదాని తల మీద మొహం ఆనించి ఏడుస్తోంది. గుడ్డు దాచినావిడ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

పెద్దసారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. "ఏమంటరమ్మా? గంట ఉండాల్నా, బంద్ చెయ్యాల్నా?"

"ఉండనియ్యి సార్," అంది గుడ్డు దాచినావిడ. "గుడ్డుదేమున్నది, రేపు రెండు గుడ్లు పక్కింటామెకు ఇచ్చేస్త."

ఆయన మూల పిల్ల తల్లి వైపు తిరిగారు. "మరి నువ్వేమంటవు?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "దసరా అయినంక గుడ పంపుత సార్. ఎప్పటికీ పంపుత. కాని మా ఇంట్ల ముచ్చట ఒక్కటి బయటవెట్టనని దాన్ని ఒట్టెయ్యమనున్రి."

అందరం ఆ పిల్ల వైపు చూశాం. అది వాళ్లమ్మను చూసింది, నన్ను చూసింది.

"వెయ్యనే వెయ్య," అంది.