దగ్గు సారు చెప్పిన చరిత్ర

ఇప్పుడు తలుచుకుంటే ముందు ఒళ్లు నొప్పులే గుర్తొస్తాయి గానీ, అప్పట్లో నాకు పరిశోధన అంటే మహా మోజు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. మన ప్రాంతపు చరిత్రలో ఫ్రీమేసన్ల పాత్ర అనే అంశాన్ని నెత్తికెత్తుకున్నాను. (తలుపులు మూసుకుని సమావేశమై, లోపలి సంగతులు బయట చెప్పబోమని ఒట్టు పెట్టుకునే పెద్దమనుషుల సంఘం అది. నోరు విప్పని వాళ్ల మీద థీసిస్ రాయబోయినవాడి తెలివి ఎంతటిదో మీరే అనుకోండి.) నాలుగు అధ్యాయాలు అయ్యాయి. లాడ్జి అనే వాళ్ల సమావేశ మందిరం లోపలి పద్ధతుల మీద రాయాల్సిన ఐదోది ఖాళీ. "ఎవరైనా సభ్యుణ్ణి కలిసి నిర్ధారించుకోకుండా నా దగ్గరికి రావద్దండీ. ఈ వేసవి దాటితే మీ రిజిస్ట్రేషన్ కూడా ఉండదు" అని మా గైడుగారు చల్లగా చెప్పేశారు.

దొరికిన ఒకే ఒక్క సభ్యుడు శంషాబాద్‌లో ఉండే రిటైర్డ్ ఇంజనీరు. ఐదు ఆదివారాలు రెండేసి బస్సులు మారి, చెమటతో తడిసి వెళ్లాను. సారు వాలుకుర్చీలో కూర్చుని తన మోకాళ్ల గురించి, మహేశ్వరం వైపు ప్లాట్లయిపోయిన చేల గురించి గంటలు గంటలు మాట్లాడేవారు. లాడ్జి అనగానే "అదొక్కటి అడగకు బిడ్డా, ఒట్టు పెట్టుకున్న" అని కళ్లు మూసుకునేవారు. నేను టీ తాగి మళ్లీ బస్సెక్కేవాణ్ణి.

ఆరో ఆదివారం వెళ్లేసరికి సారు కుర్చీలోనే నిద్ర. ఆయన భార్య, నేను అవ్వా అని పిలిచేవాణ్ణి, చింతపండులో గింజలు తీస్తోంది.

"నువ్వన్న చెప్పు బిడ్డా. నలభై ఏండ్ల సంది తెల్ల గ్లౌజులు ఉతికి ఇస్తున్న. ఆడికి పోయి ఏం చేస్తరో ఇయ్యాల్టి దాక తెల్వది."

నా ప్రాణం ఉసూరుమంది. తెలుసుకుందామని వెళ్లినవాడు చెప్పాల్సొచ్చింది. సరే, పుస్తకాల్లో చదివిందే మొదలుపెట్టాను. "కొత్తవాణ్ణి కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్తారవ్వా. అధ్యక్షుడేమో పడమర దిక్కున కూర్చుంటాడు..." కుర్చీలోంచి దగ్గు వినిపించింది. "కాదు కాదు, తూర్పున" అన్నాను. దగ్గు లేదు.

అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. ఇక కావాలనే తప్పులు చెప్పసాగాను. తప్పయితే దగ్గు, ఒప్పయితే నిశ్శబ్దం. సారు ఒట్టుకు ఒట్టూ నిలబడింది, తప్పు లెక్క వింటే ఆగలేని ఆయన ఇంజనీరు ప్రాణానికీ సుఖం దొరికింది. (నెత్తిమీంచి విమానం పోయినప్పుడు మాత్రం దగ్గారో లేదో తెలియలేదు. నా థీసిస్‌లో ఆ రెండు వాక్యాలు ఇప్పటికీ అనుమానమే.) నోటుబుక్కు నిండింది.

"గింతేనా! గిందుకేనా గంత దాపరికం?" అని అవ్వ ముక్కున వేలేసుకుంది. నేను సంచి సర్దుకుంటుంటే గొంతు తగ్గించి, "ఇంకొక్కటి బిడ్డా. ఆడ ఇంట్ల ఆడోళ్ల ముచ్చట ఎప్పుడన్న వస్తదా? నా అసుంటోళ్లను తల్సుకుంటరా?" అంది.

నాకు ఒళ్లంతా అలసట. బస్సు పోతుందన్న బెంగ ఒకటి. "లేదవ్వా, పుస్తకాల్లో ఎక్కడా లేదు" అనేశాను.

సారు దగ్గారు. ఆ మధ్యాహ్నమంతా అంత గట్టిగా దగ్గలేదు. అవ్వ చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. తర్వాత లేచి, "జర నీళ్లు తాగుండ్రి" అంటూ చెంబు ఆయన చేతికిచ్చింది. సారు కళ్లు తెరవకుండానే తాగారు.

ఐదో అధ్యాయం గట్టెక్కింది, డాక్టరేటూ వచ్చింది. "ఆధారం ఏమిటండీ?" అని గైడుగారు అడిగితే మహా పండితుడిలా "మౌఖికం" అన్నాను. ఆ చివరి దగ్గును మాత్రం ఎక్కడా రాయలేదు. పరిశోధనకు పనికిరాదనుకున్నాను, వెర్రివాణ్ణి. ఇప్పుడా థీసిస్‌ను నేను కూడా తెరవను. మా ఆవిడ పక్కింటావిడతో "మా ఆయనకు నేనంటే పట్టదు" అంటున్నప్పుడు మాత్రం పేపరు చాటు నుంచి గట్టిగా దగ్గుతాను. ఆవిడ లోపలికెళ్లి దగ్గుమందు తెచ్చిస్తుంది.