మూడు చిన్న మోటార్లు, ఒక దర్జీ కొట్టు షట్టరు

చిన్న మోటారు పెద్ద బరువు ఎత్తలేదని మీకెవరు చెప్పారు?

అరబ్బు దేశంలో, ఖైతాన్ అనే పేటలో మా వర్క్‌షాపు పక్కనే రాయచోటి దర్జీ అన్న కొట్టు. భుజానికి ఆపరేషన్ అయ్యాక ఆయన షట్టరు ఎత్తలేకపోయాడు. రోజూ దారిన పోయేవాళ్లను బతిమాలి తీయించుకునేవాడు.

"అడుక్కోని కొట్టు తెరిచే బతుకు నాకొద్దు సామీ. ఈ నెలతో ఖలాస్, ఊరికి పోతా" అన్నాడు ఒకరోజు.

నాకు కోపం వచ్చింది. చెయ్యి లేవకపోతే మనిషి పని మానుకోవాలా? మరి యంత్రాన్ని ఎందుకు కనిపెట్టినట్టు?

తుక్కు కార్ల తలుపుల్లోంచి అద్దాలు ఎత్తే మోటార్లు మూడు తెచ్చాను. కారు బ్యాటరీ పెట్టి ఒకదానితో ప్రయత్నిస్తే మూలిగి ఆగిపోయింది. అయితే షట్టరు ఇరుసుకు పెద్ద పళ్ల చక్రం బిగించి, దాని అంచు చుట్టూ మూడింటినీ కూర్చోబెడితే? మూడూ ఒకే చక్రాన్ని తోస్తాయి. తిప్పే బలం, అదే టార్క్, మూడింతలవుతుంది. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సహించలేదు.

శుక్రవారం సెలవు చూసుకుని బిగించాం. గోడ అడ్డొచ్చిందని మూడోదాన్ని చక్రానికి అవతలి వైపు నుంచి పెట్టాం. స్విచ్ నొక్కాను. షట్టరు జానెడు లేచి, వణికి, ఆగిపోయింది.

చూడ్డానికొచ్చిన టీ కొట్టు మామ తల ఊపాడు. "దిష్టిరా. నిమ్మకాయ కట్టు."

"నిమ్మకాయకు టార్క్ ఎంత మామా?"

"నీ మోటార్లకంటే నయంలే. మా రూములో జనం మాదిరి కొట్లాడుకుంటాండాయి. ఒగడు ఏసీ వేస్తే ఇంగొగడు ఆర్పుతాడు."

ఎగతాళికే అన్నాడు గానీ, నిజం అదే. షట్టరు దించి, మోటార్లను చక్రం నుంచి పక్కకు జరిపి, ఒక్కొక్కదానికే కరెంటు ఇచ్చి చూశాను. రెండు ఎత్తేవైపు తిరుగుతున్నాయి, మూడోది దించేవైపు. అవతలి నుంచి బిగించాం కదా, తిరుగుడు తారుమారైంది! దాని రెండు వైర్లు అటుదిటు మార్చి, మళ్లీ అన్నీ కలిపాను.

"యల్లా, కానీ అన్నా, ఈసారి నువ్వే నొక్కు."

దర్జీ అన్న వేలితో నొక్కాడు. షట్టరు గడగడా పైదాకా పోయింది. దించాడు, మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు.

"రేపు పొద్దున ఎవురినీ పిలిచే పనిల్యా" అన్నాడు, స్విచ్ మీంచి వేలు తీయకుండానే.

మీ వీధిలోనూ ఏదో ఒక బరువుకు లొంగి పని వదిలేద్దామనుకుంటున్న మనిషి ఉంటాడు. జాలి మాటలు ఆపి, తుక్కు కొట్టుకు వెళ్లండి. మోటార్లు ఏరండి. ఇవాళే.