‘లాభం’ అనని మా బావ

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏళ్లప్పుడు, నాకు తెలియని సంగతి లోకంలో ఉండేది కాదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే ఆలోచించి చెబుతాను కాని, అప్పుడు అడగకముందే చెప్పేవాణ్ని. మెట్రిక్ గట్టెక్కి, ఆర్మూర్‌లో రైతుల పసుపు తూచి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిరిగే మనిషికి అంతకన్నా తక్కువ గర్వం ఎలా ఉంటుంది చెప్పండి? మా బావను నెల రోజుల్లో ‘మార్చేస్తాన’ని అత్తమ్మకు మాట ఇచ్చింది ఆ గర్వంతోనే.

బావ అంటే మా మేనమామ కొడుకు, నాకన్నా రెండేళ్లు పెద్ద. మనిషి ముఖంలోకి చూసేవాడు కాదు. అడిగితే ఒక్క మాట, ఒక్కోసారి అదీ ఉండదు. డప్పులు మోగితే చెవులు మూసుకుని, గోడ మూలకు చేరి, ముందుకూ వెనక్కూ ఊగేవాడు. దాన్ని ఆటిజం అంటారని, కొందరు పుట్టుకతోనే అలా ఉంటారని ఇవాళ మా మనవరాలు చెబుతుంది. అప్పుడు మాకు తెలిసింది ఒకటే, గాలి సోకిందని. ఆలూరు నుంచి నందిపేట దాకా దొరికే తాయెత్తులన్నీ ఆయన చేతికే ఉండేవి. పెళ్లిళ్లకు పిలవడానికొచ్చిన చుట్టాలు గుమ్మం దిగేటప్పుడు, “పిలగాన్ని ఇంట్లనే ఉంచి రా వదినె” అని అత్తమ్మ చెవిలో చెప్పేవారు. (ఇరవై రెండేళ్ల పిలగాడు!) ఆయన వింటున్నాడని ఎవరికీ తోచేది కాదు.

“నీ ఎంబడి తోల్కపో అల్లుడా. నేనున్నన్ని దినాలే గదా వానికి ఇల్లు. జర పదిమందిల నిలబడుడు నేర్పియ్యి” అంది అత్తమ్మ.

“ఫికర్ చెయ్యకు అత్తమ్మా, నెల తిరిగితే నువ్వే గుర్తుపట్టవు” అన్నాను.

అద్దం ముందు పాఠాలు మొదలుపెట్టాను. “దండాలు. బాగున్నరా? పంట ఎట్లున్నది?” అన్న మూడు మాటలను బావ నాలుగు రోజుల్లో నా గొంతుతో, మధ్యలో నా దగ్గుతో సహా అప్పజెప్పాడు. నేను పొంగిపోయి దుకాణానికి తీసుకెళ్లాను. ఒక ముసలి రైతు రాగానే బావ మూడు మాటలూ అనేశాడు. పాపం, ఆయన అక్కడే కూలబడి, “ఏం పంట బిడ్డా, కుళ్లు రోగమొచ్చి సగం పోయింది” అని కళ్లు తుడుచుకున్నాడు. బావ నావైపు తిరిగి, “గిప్పుడేమనాలె?” అన్నాడు. నేను అంతవరకు పాఠం చెప్పలేదు. బావ మళ్లీ మొదటి నుంచి, “దండాలు. బాగున్నరా?” అన్నాడు.

దుకాణమంతా ఘొల్లుమంది. ఒక హమాలీ, “మీకు చుట్టమా, గుమాస్తా సాబ్?” అని అడిగాడు. “కాదు, మా ఊరోడు” అన్నాను. బావ నా పక్కనే ఉన్నాడు. “నేను బావను గదా” అన్నాడు, కోపంతో కాదు, తప్పు దిద్దినట్టు. అందరూ ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంటుంది.

ఇక రాడనుకున్నాను. మర్నాడు నాకన్నా ముందే వచ్చి, కాంటా పక్కన ఖాళీ గోనె మీద కూర్చున్నాడు. కాంటా దండె ఊగి ఊగి నిలకడకు రావడం ఆయనకు ఎంత చూసినా తనివి తీరేది కాదు. తూకం వేసే తాత రెండు వారాలు గమనించి, “లోకమంత అటిటు చూస్తరు. గీయన కాంటనే చూస్తడు. బస్తాలు పిలువనియ్యిండ్రి” అన్నాడు. పిలవడమంటే కాంటా ఎక్కిన బస్తాల లెక్క అందరికీ వినబడేలా చెప్పడం. మొదటి బస్తా ఎక్కింది. “ఒకటి” అన్నాడు బావ.

“ఒకటి గాదు బిడ్డా. మొదటిదాన్ని లాభం అనాలె.”

“బస్తా ఒకటే ఉన్నది.”

“ఉన్నది గని, శుభానికి లాభం అంటరు.”

బావ అడిగాడు: “లాభం ఎవరికి?”

రైతులు పగలబడి నవ్వారు. దుకాణం సావుకారు మాత్రం నవ్వలేదు. “గీ పిచ్చోన్ని ఎవడు నిలబెట్టిండు? రేపటి సంది ఈడ కనబడొద్దు” అన్నాడు. ఆయన్ను దుకాణానికి తెచ్చింది నేనే. తల వంచి పద్దు పుస్తకం తిరగేశాను.

తూకం సాగుతుండగా ఇద్దరు హమాలీలు బస్తా తగిలిందని కలబడ్డారు. తాత, రైతు, సావుకారు, నేను, అందరం అటు పరుగెత్తాం. గొడవ సద్దుమణిగాక చూస్తే ఎన్ని బస్తాలు తూగాయో ఎవరికీ తెలియదు. రైతు ఒకటంటే సావుకారు ఇంకొకటన్నాడు. బావ రెండు చేతులతో చెవులు మూసుకుని, ఊగుతూ, కాంటా మీంచి చూపు తిప్పకుండా అరిచాడు: “పద్దెనిమిది అయినయి! పందొమ్మిదోది కాంటా మీదున్నది! నేను చూస్తున్న. మీరే చూస్తలేరు!”

బస్తాలు దించి మళ్లీ లెక్కపెట్టారు. పద్దెనిమిది. రైతు తలపాగా సర్దుకుని, “నా పసుపుకు గీ అయ్యనే పిలువాలె. ఒకటుంటే ఒకటే అంటడు” అన్నాడు. అంతమంది రైతుల ముందు సావుకారు మాట మింగాడు. అప్పుడు వచ్చింది నాకు గొంతు. “ఆయన మా బావ! మా మేనమామ కొడుకు!” అని గట్టిగా అన్నాను. (ఎవరూ అడగలేదు.)

ఆ పసుపు రోజులు ముగిసేసరికి ఆయన పేరు ఒకటయ్య అయింది. చప్పుడు తగ్గేలా తాత ఆయన చెవుల మీదుగా రుమాలు చుట్టడం నేర్పాడు. బావ ముఖాల్లోకి చూడటం ఎన్నడూ నేర్వలేదు, నేనూ అడగడం మానేశాను. మరుసటి ఎండాకాలం పెళ్లికి పిలవడానికి చుట్టాలొచ్చి, “ఒకటయ్యను గూడ తోల్కరా వదినె” అంటే, “డప్పులుంటయి. నేను రాను” అన్నాడట. అత్తమ్మ కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. అన్నేళ్లలో మొదటిసారి, వద్దన్నది కొడుకు.

నాకు నిజామాబాద్‌లో నౌకరీ దొరికింది. బావ బస్సు దగ్గరికి వచ్చి, టైరు వైపు చూస్తూ, “నువ్వు పోతే నాకు మంచిగుండది” అన్నాడు. ఆయనకు మాటలు నేర్పిన గురువును నేను. “దగ్గరనే గదా, వస్తుంట తియ్యి” అని ఎక్కేశాను. నాకూ మంచిగుండదు బావా అనడానికి ఎంతసేపు పడుతుంది? బావ పోయి చాలా ఏళ్లయింది. ఆ బస్సులో ఏడుపు ఆపుకోవడానికి పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయనతో, దిగేదాకా ఎండల గురించే మాట్లాడిన ఆ మెట్రిక్ పండితుణ్ని తలుచుకుంటే ఇవాళ నవ్వొస్తుంది. పాపం, ఆ పెద్దాయన మూడుసార్లు నా ముఖంలోకి చూసి, “ఏమైంది బిడ్డా?” అన్నాడు. మూడుసార్లూ ఎండలు ముదిరాయనే చెప్పాను.