నల్లగుడ్డ ఎత్తిన ఉదయం

సహోదరులారా, పోయినేడు జనగామలో ఇదే సంఘం ముందు నేను మందు మానేశానని, నేను చేయిపెట్టి ప్రార్థిస్తే పరిశోధనశాలలో ఒక పరికరం పనిచేసిందని సాక్ష్యం చెప్పాను. ఆ రెండూ అబద్ధాలు. వాటిని సరిదిద్దడానికే ఈరోజు నిలబడ్డాను.

నేను డోర్నకల్‌లో పుట్టాను. చిన్నప్పుడు మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, నాయిన ఛాతీ ఎక్స్‌రేను చర్చి మెట్ల మీద ఎండకెత్తి పట్టి, "ప్రభువా, గీ మచ్చ నువ్వే తుడువాలె" అని ప్రార్థిస్తుంటే, నేను పక్కన కూర్చుని పక్కటెముకలు లెక్కపెట్టేవాణ్ణి. ఆ మెట్ల వేడి ఇప్పటికీ గుర్తుంది.

పెద్దయ్యాక జనగామ నుంచి రోజూ రైల్లో హైదరాబాదు వెళ్ళి ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా పనిచేశాను. అక్కడ పాలకుర్తి రైతుబిడ్డ, పరిశోధక విద్యార్థిని సుజాత, గాలిలోనే ఆగిపోయేంత బలహీనమైన సాఫ్ట్ ఎక్స్‌రేలను పట్టడానికి ఒక రేకు తయారుచేసింది. ఉల్లిపొర అడ్డొచ్చినా వాటికి గోడే. ఎక్స్‌రే తగిలితే అందులో కొద్దిగా కరెంటు పుట్టాలి, మూడేళ్ళుగా పుట్టలేదు. మామూలు వెలుతురుకు కూడా ఆ రేకులో కరెంటు పుడుతుంది కాబట్టి, దాన్ని ఉంచిన, గాలి తీసేసిన పెట్టె అద్దానికి నల్లగుడ్డ కప్పేవాళ్ళం.

ఆ ఉదయం నేను తాగి వచ్చాను. రేకు సరిగా పెట్టానో లేదో చూద్దామని గుడ్డ ఎత్తి, దించడం మరిచిపోయాను. ఎక్స్‌రే యంత్రం వేసి చూస్తే, కరెంటును చూపే తెరమీద గీత లేచి ఉంది. సుజాతను కేకేసి పిలిచి, పెట్టెపై చేయిపెట్టి "ప్రభువు చేసిండు" అన్నాను.

"మూడేండ్ల సంది ఏడికి వోయిండో అడుగన్నా నీ ప్రభువును" అని నవ్వుతూ సుజాత తన గైడ్‌ను పిలవడానికి పరుగెత్తింది.

అప్పుడు ఎత్తి ఉన్న గుడ్డ చూశాను. దించగానే, యంత్రం నడుస్తుండగానే గీత పడిపోయింది; దాన్ని లేపింది ఎక్స్‌రే కాదు, వెలుతురు. నేను యంత్రం ఆపి, ఆపినందుకే పడిపోయిందని ప్రయోగాల పుస్తకంలో రాశాను. ఆ ఆదివారమే మీకు సాక్ష్యం చెప్పాను.

సుజాత ఆ ఫలితాన్నే పరిశోధన పత్రికకు పంపబోతుంటే, నేను డోర్నకల్ వెళ్ళి ఆ మెట్ల మీదే కూర్చున్నాను. నాయిన కోలుకున్నాక పక్కింటామె, మచ్చ పోయిందని సంఘంలో చెప్పమంటే అవ్వ అన్న మాట గుర్తొచ్చింది. "మచ్చ గట్లనే ఉన్నది. పోయిందని ఎట్ల జెప్త? మనిషి బతికిండు, గది జెప్త."

"ప్రభువా, అవ్వకిచ్చిన నోరు నాకియ్యి" అని ఏడ్చాను. సోమవారం సుజాతకు అంతా చెప్పాను.

"గిప్పుడా అన్నా జెప్పేది?" అంది. ఫలితం పంపడం ఆపేసింది. తర్వాత నెలల తరబడి నాతో మాట్లాడలేదు. నన్ను యంత్రం దగ్గరికి రానివ్వలేదు. దవాఖానలో చేరి, ప్రార్థనతో, మందులతో తాగుడు మానేశాను.

మొన్న సుజాతే పిలిచి, కొత్తగా చేసిన రేకు పెట్టి, గుడ్డ నన్ను కప్పమంది. తాను అంచులన్నీ తడిమి చూసుకుంది. యంత్రం వేసింది. గీత కొంచెమే లేచింది. గుడ్డ తీయకుండా యంత్రం ఆపితే పడింది, మళ్ళీ వేస్తే లేచింది.

"గింతనే అన్నా" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "గాని నిజం."

దేవునికే మహిమ. సహోదరులారా, ఆయనకు మన అబద్ధాల ఆసరా అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు పట్టుకుని ఆయన దగ్గరికి రండి, గింతైనా చాలు.