రంగుమందుకు బొట్టు పెట్టిన రోజు

నా చేతుల మీదుగా ఒక నిండు ఆరోగ్యవంతురాలికి కామెర్లు వచ్చాయి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వు రాదు.

డెబ్భైల చివర్లో భవానీపురంలోని ఒక చిన్న ల్యాబులో నేను టెక్నీషియన్ని. రక్తంలో కామెర్ల క్రిమి ఉందో లేదో చెప్పే కొత్త కిట్టు మద్రాసు నుంచి దిగింది. గుంటలున్న ప్లాస్టిక్ పలకలో సీరం వేసి, కడిగి, చివర్లో రంగుమందు పోయాలి. క్రిమి ఉంటే పసుపురంగు తేలుతుంది, లేకపోతే నీళ్ళలాగే ఉంటుంది. అంత విలువైన వస్తువును ఊరికే వాడతామా? మా ఇంట్లో కొత్త సైకిలుకైనా పసుపు రాయనిదే తొక్కం. రంగుమందున్న బ్రౌను సీసాకు మెడ నుంచి మూత లోపలిదాకా తడిపసుపు పట్టించి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, బాగా గిలకొట్టాను.

మొదటి పరీక్ష గుణదల లూర్దమ్మగారిది. బడిలో ఆయా. మర్నాడు ఆపరేషనున్న తమ్ముడికి ఆవిడే రక్తం ఇవ్వాలి, ఇంట్లో ఇంకెవరి గ్రూపూ కలవలేదు. ఆవిడ గుంట చామంతిపువ్వులా మెరిసింది.

"మీ రక్తం పనికిరాదండీ. కామెర్లున్నాయి."

"నాకాండీ? ఒంట్లో నలతైనా లేదే! మరి మా తమ్ముడి గతేంటండీ?"

నేను పెద్ద డాక్టరులా తల పంకించాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి మా డాక్టరమ్మగారు వచ్చి పలక చూశారు.

"ఈ చివరి గుంటలో ఎవరి రక్తం వేశావయ్యా?"

"ఎవరిదీ కాదండీ. పోల్చి చూడ్డానికి ఒట్టి నీళ్ళు."

"మరి నీళ్ళకి కూడా కామెర్లొచ్చాయేం?"

అప్పుడు చూశాను. పలకంతా పెళ్ళింటి గడపలా ఉంది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. పసుపు చేతులవాడికి లోకమంతా కామెర్లే.

సైకిలెక్కి గుణదల పరుగెత్తాను. లూర్దమ్మగారు మేరీమాత ముందు మోకాళ్ళ మీద ఉంది. తప్పు నాదేనని చెప్పేసరికి నాకే ఏడుపొచ్చింది.

"అయితే తమ్ముడికి రక్తమివ్వచ్చాండీ?"

"ఇంకో సీసాతో మళ్ళీ చూడాలండీ."

"పదండి. కానీ నా కామెర్లు పోతే నిలువెత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని ఇప్పుడే మాతకి మొక్కుకున్నాను. లేని జబ్బుకి మొక్కు నేనెందుకు తీర్చాలండీ? తెచ్చినోళ్ళే తీర్చాలి."

రెండోసారి అన్ని గుంటలూ నీళ్ళలాగే ఉన్నాయి. తమ్ముడు బతికాడు. ఆ ఆదివారం జనమంతా చూస్తుండగా నా ఎత్తు కొవ్వొత్తిని భుజాన మోసుకుని గుణదల మేరీమాత కొండెక్కాను. అక్కడే, మైనం చేతిమీద కారుతుండగా, ప్రమాణం చేశాను: "తల్లీ, ఒట్టి నీళ్ళ గుంట చూడకుండా ఇక ఏ మనిషికీ రోగం అంటగట్టను."