మునగని తలగడ

ఆ రోజుల్లో కాలు విరగడం కూడా ఒక శుభకార్యంలాగే ఉండేదండి. ఇప్పుడైతే ఎక్స్‌రే ఫొటో వాట్సాప్‌లో పెడితే, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపించి ఊరుకుంటున్నారు. అప్పుడు మనుషులే వచ్చేవారు. బత్తాయిలు తెచ్చేవారు, మంచం పక్కన బల్ల లాక్కుని కూర్చునేవారు, వాళ్ల మేనమామ కాలు ఎలా విరిగిందో, ఎలా అతికిందో, ఆఖరికి ఎలా అతకలేదో పూసగుచ్చినట్టు చెప్పి, తెచ్చిన బత్తాయిల్లో సగం వాళ్లే ఒలుచుకు తిని వెళ్లేవారు. అంత ప్రేమ ఒక్క కాలు మీద పడితే ఆ కాలు ఏమవుతుందో చెప్పడానికే ఈ గోల. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారి పొరపాటు ఇందులో రవ్వంత కూడా లేదు. (ఈ ముక్క ఆయన బతికుండగా ఊరందరి ముందూ చెప్పాల్సింది. చెప్పే వీలు లేకపోయింది. ఎందుకన్నది మీకే తెలుస్తుంది.)

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాక, గోదారి మధ్యనున్న మా లంకకి ఎదురుగా అవతలి గట్టున ఉన్న షామియానా కంపెనీలో చేరాను. కొన్నాళ్లకే పందిరి పైకెక్కి కట్లు కట్టే పని నాది అయిపోయింది. సరుగుడు వాసం మీద కాళ్లు మెలేసి కూర్చుంటే పెళ్లంతా మన కాళ్ల కిందే ఉంటుంది. వంటవాళ్ల తగాదాలు, పెళ్లికూతురి తండ్రి చాటుగా కాల్చే చుట్ట, దూరంగా గోదారి, దాని మీద ఈదుతున్న ఎద్దులా నెమ్మదిగా జనాన్ని దాటించే పంటు, అన్నీ కనబడతాయి. కనబడింది కనబడినట్టు పైనుంచి అరిచి చెప్పడం నాకు జబ్బు. ఒకరోజు పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన వంటశాల వెనక నుంచి బూరెలు లాల్చీ జేబులో వేసుకోవడం చూశాను. "బాబాయి గారూ, జేబులో నెయ్యి కారుతోందండీ, పంచ జాగ్రత్త!" అన్నాను. కింద నవ్వులే నవ్వులు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నవ్వుతూ నవ్వుతూ వెనక్కి వాలితే, వాలడానికి అక్కడ ఏమీ లేదన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. నాకంటే ముందు నా కుడికాలు నేలని చేరింది. (బాబాయి గారి జేబులోని బూరెలు క్షేమంగానే ఉన్నాయని తర్వాత చెప్పారు.)

రాజమండ్రిలో ఆపరేషన్. మోకాలికి కాస్త కింద ఎముక విరిగింది, ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మెలకువ వచ్చేసరికి నా కాలి కింద మెత్తగా, ఎత్తుగా, మబ్బు మీద పెట్టినట్టుగా ఏదో ఉంది. అది మా అత్త తలగడ.

అత్త అంటే నాన్నకి అక్క. నాకు నడక రాకముందే మా అమ్మ పోతే, అప్పటికే భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న ఆవిడే నన్ను పెంచింది. మా పెరట్లో ఒక బూరుగు చెట్టుంది. ఎండాకాలం కాయలు పగిలితే అత్త ఆ దూది ఏరి, గింజలు తీసి, ఎండబెట్టి తలగడలు కుట్టేది. లంకలో ఏ ఇంట్లో పిల్ల పుట్టినా, పిల్లకి పెళ్లయినా అత్త తలగడ వెళ్లాల్సిందే. నాకు కాలు విరిగిందన్న కబురు వినగానే ఆవిడ ఏడవలేదట, సూది వెతుక్కుందట.

మర్నాడు పెద్ద డాక్టరు గారు రౌండ్సుకి వచ్చేసరికి అత్త ఫ్లాస్కు పట్టుకుని కాఫీకి కిందకెళ్లింది. ఆయన దుప్పటి ఎత్తి చూసి, "ఇదెవరు పెట్టారు?" అన్నారు.

నాన్న నా వంక చూశాడు. నేను సెలైన్ సీసా వంక చూశాను.

"మోకాలి కింద ఎత్తు పెట్టకూడదయ్యా. సుఖంగానే ఉంటుంది. ఆ సుఖానికి అలవాటుపడి మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. ఎముక అతికినా కాలు తిన్నగా రాదు. కావాలంటే మడమ కింద గుడ్డ చుట్ట పెట్టండి, మోకాలు దానంతటది కిందకి దిగాలి" అని తలగడ తీసి పక్కన పడేసి వెళ్లిపోయారు.

"అత్తకి చెప్పేద్దాం నాన్నా" అన్నాను. నాన్న మంచం మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "మీ అత్త పెరుగు ఎందుకు తినదో తెలుసా?" అన్నాడు. నాకు తెలిసినంతవరకు ఆవిడకి పెరుగంటే వెగటు. ఆ పేరు చెప్పి ఆవిడని ఏడిపించేవాణ్ణి కూడా, మజ్జిగ చెంబు ముక్కు దగ్గర పెట్టి పరిగెత్తేవాణ్ణి. "మీ అమ్మ జ్వరంలో పెరుగన్నం అడిగిందిరా. అక్క కలిపి పెట్టింది. తెల్లారేసరికి మీ అమ్మ పోయింది. దానివల్ల కాదని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, ఊరంతా చెప్పింది. వినిపించుకుంటేగా! అప్పట్నుంచి ఆ గిన్నె వంక చూడదు. ఇప్పుడు నీ కాలు కూడా దాని నెత్తిన వేస్తే ఇక బతకదురా. నువ్వూ నేనూ చూసుకుందాం. ఆవిడ లేనప్పుడు తీసేద్దాం."

అంతలో అత్త కాఫీతో వచ్చింది. "అయ్యో, తలగడ జారిపోయిందే!" అంటూ మళ్లీ మోకాలి కింద సర్దింది. నాన్నా నేనూ కాఫీ తాగాం.

ఇంటికొచ్చాక మొదలైందండి అసలు నాటకం. అత్త గేదె పాలు తీయడానికి వెళ్తే నాన్న తలగడ లాగేసేవాడు. అత్త పాలచెంబుతో వస్తే "అక్కొస్తోంది" అంటూ మళ్లీ దూర్చేసేవాడు. ఎప్పుడైనా దూర్చడం మరిచిపోతే, "తలగడ ఎవడు తీశాడ్రా?" అని కేకలేసేది. "చెమట పడుతోందత్తా" అన్నాను ఒకసారి. మధ్యాహ్నానికల్లా పాత మల్లుపంచె చింపి పల్చటి గలీబు కుట్టింది. "గట్టిగా ఉందత్తా" అన్నాను ఇంకోసారి. విప్పి, దూది ఏకి, మళ్లీ నింపింది. "చిన్నదైపోయిందత్తా, జారిపోతోంది" అన్నాను, బుద్ధి తక్కువై. దానికి మరో తలగడ కలిపి కుట్టేసింది. నేను చెప్పిన ప్రతి సాకుకీ ఆ తలగడ ఇంకాస్త బాగుపడుతూ వచ్చింది. ఆఖరికి దాని మీద నా కాలు, పల్లకీలో పెళ్లికొడుకులా కొలువుతీరింది.

నాన్న తెగించాడు. ఒకరోజు అవతలి గట్టుకి వెళ్తూ తలగడని గోనెసంచిలో పెట్టుకుని, పంటు నడి గోదారికి చేరాక నీళ్లలోకి వదిలేశాడు. ఇంటికొచ్చి, "అక్కా, ఎండలో పెడదామని పట్టుకెళ్తుంటే గాలికి ఎగిరి గోదాట్లో పడిపోయింది" అన్నాడు. (ఎండ కోసం గోదారి దాటడమేంటని అత్త అడగలేదు. అబద్ధమాడే మనిషి కాదని నాన్న మీద ఆవిడకి అంత నమ్మకం.) అయ్యో అయ్యో అనుకుంటూ ఉండగానే వీధిలో కేక వినబడింది. వల లాగడానికెళ్లిన మా రేవు చేపలాయన, నీళ్లోడుతున్న తలగడ భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"అక్కగారూ, ఇది మీ కుట్టేనాండి? దిగువన తేలుకుంటూ పోతుంటే చూశాను. ఊళ్లో ఇలాంటి కుట్టు ఇంకెవరిదండీ!"

అత్త ముఖం వెలిగిపోయింది. ఆయనకి ఆ రోజు మా ఇంట్లో భోజనం పెట్టింది. నాన్న ఎదురుగా కూర్చుని, ఆయన తినే ఒక్కొక్క ముద్దనీ శత్రువుని చూసినట్టు చూశాడు.

ఇక ఆస్పత్రి నుంచి వారానికోసారి ఒక ఫిజియోథెరపీ మేడం వచ్చేది. "చాపండి, ఇంకొంచెం చాపండి" అని మోకాలి మీద చెయ్యి పెట్టి కిందకి నొక్కేది. అందుకే నేను ఆవిడకి చాపండి మేడం అని పేరు పెట్టాను. ఆవిడ నొక్కితే నేను పెట్టే కేకలకి అవతలి గట్టున పంటు ఆగేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఒకరోజు అత్త వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. "నీ కడుపున పుట్టినవాడైతే ఇలాగే నొక్కుతావా తల్లీ? పచ్చి కాలు! లే ముందు, లే!" మేడం నాన్న వంక చూసింది. నాన్న దూలం వంక చూశాడు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం అత్త నా కాలు మెల్లగా ఎత్తి తలగడ మీద పెట్టి, "హాయిగా ఉందా అబ్బాయ్?" అంది. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది. ఆ హాయి నా ఖాతాలోనూ కొంత వేసుకోవాలి.

నెలలు గడిచాక డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుగుకి పట్టి చూశారు. "ఎముక బ్రహ్మాండంగా అతికింది" అన్నారు. మంచం దిగి నిలబడమన్నారు. నిలబడ్డాను. కుడి మడమ నేలకి ఆనలేదు. ఆయన నా మోకాలి వెనక చెయ్యి పెట్టి చూశారు. "ఇంకో ఆపరేషన్ చేసి వదులు చెయ్యొచ్చు. మొత్తం వస్తుందని మాత్రం నేను చెప్పలేను. మళ్లీ కోత, మళ్లీ ఈ మంచం" అన్నారు. ఇంకో మంచమంటే ఇంకో తలగడ. నాన్నా నేనూ ఒకేసారి వద్దన్నాం.

పందిరెక్కడం అలా అయిపోయింది. మా ఓనరు గారు మంచివాడు. "ఎలాగూ నోరు ఊరుకోదు గదరా, కిందే కూర్చుని వాగు" అని మైకు చేతికిచ్చారు. మీరు మా వైపు పెళ్లికొచ్చి ఉంటే, "మగపెళ్లివారు మొహమాటపడకుండా రెండో బంతికి రావాలండీ, బాబాయి గార్లు జేబులు ఖాళీ చేసుకుని రావాలండీ" అన్న గొంతు విని ఉంటారు. అది నాదే. అందరూ నవ్వుతారు. నేను మాత్రం అప్పుడప్పుడూ తలెత్తి, వాసాల మీద కట్లు కట్టే కుర్రాళ్లని చూస్తుంటాను. అక్కడినుంచి గోదారి ఎలా కనబడుతుందో వాళ్లలో ఎవరూ చెప్పరు. అందరూ ఫోన్లు చూసుకుంటుంటారు.

నా కుంటుకి అత్త చెప్పుకున్న కారణం వేరు. "ఆ డాక్టరు ప్లేటు వంకరగా బిగించాడమ్మా, పచ్చని పిల్లాడి కాలు పాడుచేశాడు" అని పంటులో ఎక్కిన ప్రతివాళ్లకీ చెప్పేది. నాన్నా నేనూ తలలూపేవాళ్లం. ఆయన పేరు ఎత్తినప్పుడల్లా నాన్న రాజమండ్రి వైపు తిరిగి మనసులో దణ్ణం పెట్టుకునేవాడట. పోయేముందు కూడా నా చెయ్యి పట్టుకుని, "తలగడ మాట జాగ్రత్తరా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు సంధి ప్రేలాపన అనుకున్నారు.

ఆ మధ్య అత్తకి మోకాళ్లు అరిగిపోయి, లేవలేని స్థితి వస్తే రాజమండ్రిలోనే ఒక మోకాలికి మార్పిడి ఆపరేషన్ చేయించాను. ఇంటి దగ్గర సర్దిన సంచిలో ఆవిడ ఏం పెట్టుకుందో నేను చూడలేదు. మర్నాడు ఫిజియోథెరపీ కుర్రాడొచ్చి దుప్పటి ఎత్తాడు. మోకాలి కింద కొత్త గలీబుతో బూరుగు దూది తలగడ.

"అమ్మమ్మ గారూ, ఇది పెట్టకూడదండి. సుఖంగానే ఉంటదండి, కానీ కాలు అలా వంగే ఉండిపోద్ది. తర్వాత ఎవరూ తిన్నగా చెయ్యలేరండి" అని, నా వైపు తిరిగాడు. నేను నిలబడ్డ తీరు చూశాడు. "అదిగో, ఈయనకి అయినట్టేనండి. చిన్నప్పుడు ఆపరేషనాండి? మోకాలి కింద ఎవరో ఎత్తు పెట్టుంటారు."

పెళ్లిళ్లలో మైకు పట్టుకుంటే ఆపడానికి మనుషులు కావాలి నాకు. ఆ క్షణాన నాకు దొరికింది అత్త చెప్పే ఆ పాత ముక్కే. "అబ్బే, నాది ప్లేటు వంకరండీ" అన్నాను.

"ప్లేటు వల్ల ఇలా అవదండి" అన్నాడు, పాపం, చదువుకున్న కుర్రాడు.

అతను వెళ్లిపోయాడు. అత్త కిటికీ వైపు చూస్తూ పడుకుంది. అలా చూస్తూనే, "మీ నాన్నకి తెలుసా?" అంది.

"తెలుసత్తా."

"అయితే ఆ రోజు గోదాట్లో…"

"గాలికి పడిపోలేదత్తా."

ఆవిడ కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. తుడుచుకుంది కూడా. కానీ అంతకుముందు ఆవిడ నోట్లోంచి, ఆపుకోలేక, ఒక నవ్వు జారింది. "బూరుగు దూది మునగదురా అబ్బాయ్. గోదారి ఒడ్డున పుట్టి పెరిగినవాడు, ఆ మాత్రం తెలీదా వాడికి? రాయి కట్టాలి గదా!" అని, తలగడ తీసి నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగింది. భుజాలు కదలడం మాత్రం నాకు కనబడింది.

ఆ తర్వాత ఆ ముసలావిడ చేసిన వ్యాయామం చూసి ఆ కుర్రాడే భయపడ్డాడు. పళ్లు బిగించి కాలు మంచానికి నొక్కేది. కేక పెట్టేది కాదు. ఇప్పుడు ఆవిడ కాలు గీత గీసినట్టుంది. రేవుకి వెళ్తుంటే ముందు ఆవిడ నడుస్తుంది, వెనక నేను కుంటుతూ వెళ్తాను, నడుమనడుమ ఆగి నా కోసం చూస్తుంది. పెరుగు మాత్రం ఇంకా తినదు. తలగడలు కుట్టడం మానేసింది. ఈ ఏడు బూరుగు దూది పెరడంతా ఎగిరి పొరుగువాళ్ల ఆవకాయ జాడీల మీద వాలింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటానా, వచ్చి పక్కన కూర్చుంటుంది. నా కుడి మోకాలి మీద అరచెయ్యి పెట్టి, ఆస్పత్రి కుర్రాడు నేర్పినట్టే, మెల్లగా కిందకి నొక్కుతుంది. జుట్టు నెరిసిన నేను, ఆ చెయ్యి కింద మంచం మీద కుర్రాడినైపోతాను. ఇన్నేళ్ల కిందట బిగుసుకున్న మోకాలు, వీసమెత్తు కదలదు.

"నొప్పిగా ఉందా?" అంటుంది.

"కొంచెం ఉందత్తా" అంటాను.

"ఏమైనా దిగిందా?"

నాన్న ఉంటే దూలం వంక చూసేవాడు. నేను మోకాలి వంకే చూసి, "నిన్నటికంటే నయమేనత్తా" అంటాను.