చిన్నప్ప క్యాను కడిగిన శుక్రవారం

హన్మాండ్లుది ఆర్మూరు దగ్గర ఒక పల్లె. తండ్రి ఈతచెట్లు గీసేవాడు. కల్లు కోసం చెట్టుకు కట్టే లొట్టి కుండలను వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి, ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసిగానీ చెట్టెక్కేవాడు కాదు. కొడుకు చెట్టెక్కే మోకు పట్టలేదు. ఖతార్ వచ్చి స్కాఫోల్డింగ్ పనిలో కుదిరాడు. అల్ ఖోర్ పక్కనున్న క్యాంపు నుంచి రోజూ రాస్ లఫాన్ గ్యాసు ప్లాంట్లకు బస్సులో పోయి రావడమే అతని బతుకు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇప్పటికీ అతన్ని దుబాయ్ హన్మాండ్లు అనే పిలుస్తారు.

క్యాంపులో కొత్త గది ఇచ్చినప్పుడు అందులో మూడు మంచాలున్నాయి. ఒకటి ముజఫ్ఫర్ అలీది. ఆయన బోధన్ మనిషి, కంపెనీ బస్సు నడుపుతాడు. మూడో మంచం ఖాళీ. దాని మీదికి ఎవరొచ్చినా వారం తిరక్కుండానే వేరే గది అడిగి వెళ్ళిపోయేవారు. ఏసీ చప్పుడని ఒకడు, బాత్రూమ్‌లో నీళ్ళు కారుతున్నాయని ఒకడు ఏదో ఒక సాకు చెప్పేవాడు. బీరువా మీద నల్ల కవరు చుట్టిన పెద్ద ప్లాస్టిక్ క్యాను ఒకటి ఉండేది.

"గా క్యాను ఎవలది భాయ్?" అని హన్మాండ్లు అడిగాడు.

"చిన్నప్పది. కడప ఆయన. పోయిండు" అన్నాడు ముజఫ్ఫర్ అలీ, బూటు లేసు కట్టుకుంటూ.

పాపం, ఇంటికి పోయాడు కాబోలు అనుకున్నాడు హన్మాండ్లు.

దసరా దగ్గర పడ్డాక అతనికి కల్లు మీద ధ్యాస మళ్ళింది. పట్టుబడితే జైలు, ఆపైన ఇంటికి విమానమని తెలుసు. అయినా నాలుక వినలేదు. ఖర్జూరం పాకం, చక్కెర, రొట్టెల్లో వేసే ఈస్టు తెచ్చాడు. క్యాను దించి గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, అన్నీ కలిపి మంచం కిందికి తోశాడు.

ముజఫ్ఫర్ అలీ చూసి మొహం తిప్పుకున్నాడు. "నాకు చెప్పకు, నాకు చూపకు. నేను నమాజ్ చదువుకునేటోణ్ణి" అన్నాడు.

ఆ వారం హన్మాండ్లుకు రాత్రి డ్యూటీ. పగలు పరదాలు వేసుకుని పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. గదినిండా కుళ్ళిన గుడ్ల వాసన. రాస్ లఫాన్‌లో పనిచేసే ఎవరికైనా ఆ వాసనంటే ప్రాణం పోయినంత పనవుతుంది. పైపుల్లో తిరిగే విషపు గాలికి అదే గుర్తు. సైటులో నేర్పిన మాట ఒకటుంది: వాసన ఆగిపోతే సంతోషించకండి, మీ ముక్కు పనిచేయడం మానేసిందని అర్థం.

అతను లేచి కూర్చునేసరికి వాసన ఆగిపోయింది.

ఇక చెప్పుల కోసం కూడా చూడలేదు. బయటికి ఉరికాడు. సిమెంటు నేల కాళ్ళను కాలుస్తున్నా తెలియలేదు. ఆవరణలో ఎవరూ లేరు. తీగల మీద ఆరేసిన బట్టలు కదలకుండా వేలాడుతున్నాయి. కాసేపటికి ముజఫ్ఫర్ అలీ బస్సు దిగి వచ్చి, అతన్ని లోపలికి తీసుకుపోయి, మంచం కింది క్యాను బయటికి లాగాడు. వాసన అక్కడిదే. లోపలి సరుకు చెడిపోయింది.

"గ్యాసు లేదు, గీసు లేదు. నీ కల్లే" అని నవ్వాడు.

హన్మాండ్లుకు నవ్వు రాలేదు. క్యానులోది పారబోసి, కడిగి, తండ్రిలాగే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుళ్ళు వాసన పోయింది. దాని వెనక ఇంకో వాసన పల్చగా వచ్చింది, ఈత కొలను నీళ్ళ దగ్గర వచ్చే వాసన. అతను అందులో బ్లీచ్ చుక్క కూడా వేయలేదు. క్యాను దించి తలెత్తితే మూడో మంచం కనిపించింది. దాని పరుపుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు మధ్యలో, ఎవరో కూర్చుని అప్పుడే లేచి పోయినట్టు పల్లం పడి ఉంది. చూస్తుండగానే కవరు చిటచిటమని మెల్లగా పైకి పొంగి సమంగా అయింది.

ఏసీ గాలికే అనుకున్నాడు. అట్లా అనుకోకపోతే ఆ గదిలో పడుకోలేడు.

కల్లు చెడిందంటే తప్పు కడగడంలోనే ఉందని అతని మనసుకు గట్టిగా తోచింది. డ్యూటీ మారాక, గురువారం సాయంత్రం దోహా పోయి, అల్ మన్సూరాలో జియావుద్దీన్ నడిపే ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో అడిగాడు. జియావుద్దీన్ హైదరాబాదువాడు, తెలుగు బాగానే వచ్చు.

"నీళ్ళ క్యాను కడగాలె సేటు. ఏది మంచిది?"

జియావుద్దీన్ అతని మొహం ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు. "సబ్బుతోని మురికి పోతది, లోపలి క్రిమి చావదు. ముందుగాల రుద్ది కడుగు. తర్వాత నీళ్ళల్ల కొంచెం బ్లీచ్ కలిపి నింపి పెట్టు. వాసన పోయేదాంక మళ్ళ మళ్ళ కడుగు. అయోడిన్ కావాలంటే మందుల దుకాణంల దొరుకుతది, మరక పడతది. సలసల మరిగే నీళ్ళు పోస్తే ఈ ప్లాస్టిక్ వంకర పోతది."

"అడుగున తెల్లగ గార పట్టింది."

"దానికి యాసిడ్. కాని రెండు కలపకు భాయ్. బ్లీచ్ అయితే బ్లీచ్, యాసిడ్ అయితే యాసిడ్. సమజైందా?"

హన్మాండ్లు తలూపాడు. ఒకే బకెట్లో కలపొద్దన్నాడని అర్థం చేసుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి అయితే ఏం కాదులే అని రెండు సీసాలూ కొన్నాడు.

మర్నాడు శుక్రవారం. ముజఫ్ఫర్ అలీ జుమ్మా నమాజుకు పోయాడు. వరండా అంతా సద్దుమణిగింది. హన్మాండ్లు క్యాను తీసుకుని బాత్రూమ్‌లోకి పోయాడు. వాసన వరండాలోకి పోతే ఎవరైనా వచ్చి అడుగుతారని ఫ్యాను ఆపి, తలుపు మూసి గడియ పెట్టాడు. బ్లీచ్ పోసి బాగా ఆడించి, సగం వంపాడు. గార కదల్లేదు. రెండో సీసా మూత తీసి, ఉన్నదంతా క్యానులో గుమ్మరించాడు.

బుస్సుమంది. క్యాను మూతి నుంచి లేత పసుపు పొగ లేచి, పైకి పోకుండా, పాలు పొంగినట్టు అంచు దాటి కిందికి జారింది. కళ్ళలో కారం కొట్టినట్టయింది. గొంతు బిగుసుకుపోయింది. ఇల్లు తగలబడితే కిందికి వంగాలని ఎప్పుడో విన్నది గుర్తొచ్చి నేలకు వంగాడు. కింద ఇంకా ఘోరంగా ఉంది. తలుపు ఎటుందో తెలియలేదు. చేతికి గోడే తగులుతోంది, మళ్ళీ గోడే.

అప్పుడు వెనక నుంచి ఎవరో దగ్గారు.

"వంగాకు అబ్బీ! పైకి లెయ్! గడియ ఎడంపక్క ఉండాది!"

బొంగురు గొంతు, చెవి పక్కనే. అది తలుపు అవతలి నుంచి రాలేదు, లోపలి నుంచే వచ్చింది. హన్మాండ్లు లేచి ఎడమకు చేయి చాపాడు. గడియ దొరికింది. తలుపు తోసుకుని గదిలో పడి, పాక్కుంటూ వరండాలోకి చేరాడు. వెనక్కి చూస్తే బాత్రూమ్‌లో ఎవరూ లేరు. పసుపు పొగ మాత్రం నేలకు అంటుకుని, ఎవరి కాళ్ళ చుట్టూనో తిరుగుతున్నట్టు రెండు చోట్ల పాయలుగా చీలి కదులుతోంది.

నమాజు నుంచి వచ్చిన ముజఫ్ఫర్ అలీ కిటికీలన్నీ తెరిచి, అతన్ని భుజాన వేసుకుని క్లినిక్‌కు తీసుకుపోయాడు. బాత్రూమ్ కడుగుతుంటే ఇట్లా అయిందని అక్కడ తనే చెప్పాడు. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి మాట వచ్చింది.

"అబ్బీ అంటే ఏంది భాయ్?" అని అడిగాడు హన్మాండ్లు.

ముజఫ్ఫర్ అలీ చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "గా మాట నీకెవలు చెప్పిండ్రు?"

హన్మాండ్లు జరిగింది చెప్పాడు. ముజఫ్ఫర్ అలీ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"చిన్నప్ప అందర్ని గట్లనే పిలుస్తుండె. నన్ను గుడ. గదే బాత్రూమ్‌ల పడి ఉండె. తలుపు మేమే పలగ్గొట్టినం. పక్కన క్యాను, రెండు సీసలు. గుండె ఆగిందని రాసిండ్రు."

"నువ్వు పోయిండంటే ఇంటికి పోయిండనుకున్న."

"యా అల్లా" అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

గొంతు మానడానికి చాలా రోజులు పట్టింది. భార్య శోభ ఫోన్‌లో, "దుబాయ్‌ల నీకేమైందయ్యా, గొంతు గట్ల బొంగురు పోయింది?" అని ఏడ్చింది. ఆమెకు అంతా చెప్పి ఒట్టు వేశాడు, ఇక కల్లు జోలికి పోనని. కానీ మనసులో ఒకటి కెలుకుతూనే ఉంది. చిన్నప్ప ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ గుండె అనే తెలుసు. ముజఫ్ఫర్ అలీ దగ్గర చిన్నప్ప భార్య తిరుమల నంబరు ఉంది. ఇద్దరూ ఆవరణలో నిలబడి, మిట్టమధ్యాహ్నం వెలుగులో స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు.

హన్మాండ్లు సీసాల సంగతి చెప్పాడు, తను బతికిన సంగతీ చెప్పాడు. ఆ గొంతు గురించి చెప్పొద్దనుకున్నాడు గానీ నోరు ఆగలేదు. అవతల తిరుమల ఏడవలేదు.

"తాగి తాగి సచ్చినాడని ఊర్లో అందరూ అన్న్యారు. నేనూ అట్లే అనుకుంటిని. కడగబోయి సచ్చినాడా!" అంది. మళ్ళీ తనే అడిగింది. "కడాకు మాట్లాడిన దినం ఫోన్‌లో దగ్గుతానే ఉండె. ఏందబ్బా అంటే, క్యాను కడగతాండా, ఘాటు పట్టింది అనె. అన్నా, ఆయన ఇంగా దగ్గుతానే ఉండాడా?"

హన్మాండ్లు ఫోన్‌ను పక్కకు చాపాడు. ముజఫ్ఫర్ అలీ ఫోన్ అందుకుని, "లేదమ్మా, తగ్గింది. బాగున్నడు" అన్నాడు.

క్యాంపు బాస్ ఆ గదిని ఖాళీ చేయించలేదు. హన్మాండ్లు కూడా వేరే గది అడగలేదు. క్యానును కోసి చెత్తలో వేశారు. బాత్రూమ్ లోపలి గడియ ఊడదీశారు. తలుపు సరిగా పడదిప్పుడు. ఎవరైనా లోపలుంటే బయట తువ్వాలు వేలాడదీస్తారు. గదిలో ఇద్దరూ ఉన్నా అప్పుడప్పుడు అక్కడ మూడో తువ్వాలు వేలాడుతుంటుంది. అది కనిపించిన రోజు ఇద్దరూ వరండా చివరి బాత్రూమ్‌కు పోతారు.